పాత కారు ఇంజనులో మసి – తీసే పద్ధతి, మళ్లీ పట్టకుండా జాగ్రత్తలు

పాలడబ్బాను సరిగా కడగకుండా వట్టి నీళ్లతో తొలిచి వదిలేస్తే నాలుగు రోజులకే లోపలి గోడలకు తెల్లటి గట్టి పొర కడుతుంది. ఈ సంగతి మన సంఘాల సభ్యులందరికీ తెలిసినదే. పైకి డబ్బా శుభ్రంగానే కనిపిస్తుంది. కాని ఆ పొరలో దాగిన క్రిములు పూటపూటా పాలను పాడుచేస్తూనే ఉంటాయి. పొరను గీకి తీసినంత మాత్రాన పని పూర్తి కాదు. కడిగే పద్ధతి మార్చకపోతే వారం తిరిగేసరికి అది మళ్లీ కడుతుంది.

పెట్రోలు ఇంజను లోపల కూడా ఇటువంటి పొర ఒకటి కడుతుంది. అది నల్లటిది, గట్టిది. మెకానిక్కులు దానిని కార్బను అంటారు. వాడుకలో మసి అంటాము. దానిని తీసే పనికి ‘డీకార్బన్’ అని పేరు. సంఘం కార్యదర్శి వద్దనో, పాడి రైతు ఇంటి ముందో నేటికీ తిరుగుతున్న పాత కారు ఉంటే, ఏదో ఒక రోజున ‘హెడ్డు దింపాలి, డీకార్బన్ చేయాలి’ అన్న మాట షెడ్డులో వినిపించక మానదు. ఆ పని నిజంగా అవసరమా, అవసరమైతే ఎలా చేయాలి, చేయించేటప్పుడు యజమాని ఏమేమి చూసుకోవాలి అన్నదే ఈ పాఠం.

ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసుకుందాము. 1950ల చివరలో మొదలైన దీని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. పాత అంబాసిడర్లలో చాలావాటికి ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ నమూనా, 1489 సి.సి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. తరువాత వచ్చిన వాటిలో డీజిలు ఇంజన్లు, ఇసుజు ఇంజన్లు కూడా ఉన్నాయి. ఇక్కడ చెప్పే కొలతలు పాత పెట్రోలు ఇంజనుకే వర్తిస్తాయని గమనించగలరు.

మసి ఎందుకు పడుతుంది?

పెట్రోలు, గాలి సరియైన పాళ్లలో కలిసి, ఇంజను తగినంత వేడిగా ఉన్నప్పుడు మంట శుభ్రంగా ఉంటుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా మసి మిగులుతుంది. ముఖ్య కారణాలు నాలుగు.

ఒకటి: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ కావడం. చోకు పూర్తిగా వెనక్కు రాకపోవడం, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, కార్బురేటరులో పెట్రోలు మట్టం ఎక్కువగా ఉండడం దీనికి దారితీస్తాయి.

రెండు: ఇంజను ఆయిలు మంటలోకి చేరడం. పిస్టను రింగులు, బోరు అరిగితే ఆయిలు కింద నుంచి వస్తుంది. వాల్వు గైడ్లు, వాటి రబ్బరు సీళ్లు పాడైతే పై నుంచి దిగుతుంది. కాలిన ఆయిలు మిగిల్చే మసి పెట్రోలు మసికంటె గట్టిది.

మూడు: ఇంజను చల్లగా నడవడం. ఇంటి నుంచి సంఘానికి ఒక కిలోమీటరు, సంఘం నుంచి ఇంటికి ఒక కిలోమీటరు తిరిగే కారు ఇంజను ఏనాడూ పూర్తిగా వేడెక్కదు. మన ప్రాంతంలో మరొక అలవాటు కూడా ఉన్నది. ఎండాకాలం ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వును పీకి పారవేస్తారు. దాంతో చలికాలం ఉదయాన ఇంజను వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. ఆ సేపంతా మసి పడుతూనే ఉంటుంది.

నాలుగు: ప్లగ్గులు, పాయింట్లు బలహీనపడి నిప్పురవ్వ సరిగా రాకపోవడం.

ఈ నాలుగింటిలో మీ కారుకు ఏది వర్తిస్తుందో తేల్చకుండా మసి మాత్రం గీకించితే, ఖర్చు పెట్టి కొన్ని నెలల గడువు కొనుక్కున్నట్లే. ఈ పాఠంలో అన్నింటికంటె ముఖ్యమైన మాట ఇదే.

మసి వల్ల జరిగే నష్టం

పిస్టను పైకి వచ్చినప్పుడు దాని నెత్తికి, హెడ్డుకు మధ్య మిగిలే ఖాళీలోనే మంట మండుతుంది. మసి ఆ ఖాళీని కొంత ఆక్రమిస్తుంది. ఎంత ఆక్రమిస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాము.

ఈ ఇంజను బోరు 73 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. ఒక్కొక్క సిలిండరు సుమారు 372 సి.సి. కంప్రెషన్ నిష్పత్తి 7.2 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 60 సి.సి. పిస్టను నెత్తి వైశాల్యం సుమారు 42 చదరపు సెంటీమీటర్లు. దానిమీద అర మిల్లీమీటరు, హెడ్డు వైపు అర మిల్లీమీటరు మసి కట్టినా 4 సి.సి. పైచిలుకు ఖాళీ పోతుంది. మిగిలేది 56 సి.సి. అంటే నిష్పత్తి 7.2 నుంచి 7.6కు పెరిగినట్లు. తయారీదారు అనుకోని ఒత్తిడి అది.

అంతకు మించిన కీడు మరొకటి ఉన్నది. మసి వేడిని త్వరగా బయటకు పోనివ్వదు. దాని కొసలు నిప్పుకణికలవలె ఎర్రబడి, ప్లగ్గు రవ్వ వేయకముందే పెట్రోలును అంటిస్తాయి. ఫలితంగా ఈ లక్షణాలు కనిపిస్తాయి:

– ఎత్తు ఎక్కేటప్పుడు, టాప్ గేరులో యాక్సిలరేటరు తొక్కినప్పుడు సన్నని రాళ్లు గలగలలాడినట్లు చప్పుడు.
– తాళం చెవి తిప్పి ఆపిన తరువాత కూడా ఇంజను నాలుగైదు సార్లు కొట్టుకొని ఆగడం.
– పిక్కప్పు తగ్గడం, పెట్రోలు ఖర్చు పెరగడం, ఇంజను వేడెక్కడం.
– పొగ పరీక్షలో తప్పడం. 15 సంవత్సరాలు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను తిరిగి చేయించుకోవాలంటే బండి తనిఖీలో నిలవాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఆ చప్పుడును పట్టించుకోకుండా నెలల తరబడి నడిపితే పిస్టను నెత్తి కరిగి చిల్లు పడవచ్చు, వాల్వు అంచు కాలిపోవచ్చు. ఉదయం పాలతో శీతలీకరణ కేంద్రానికి బయలుదేరిన బండి నడిదారిలో ఆగితే నష్టం ఒక్క ఇంజనుతో పోదు. ఎండ ఎక్కేకొద్దీ డబ్బాలలోని పాలూ పోతాయి.

విప్పకముందు చేయవలసిన పరీక్షలు

పై లక్షణాలన్నీ మసివల్లనే రావాలని లేదు. ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగినా అదే గలగల వస్తుంది. ఐడ్లింగు మరీ ఎక్కువగా ఉన్నా ఆపిన తరువాత ఇంజను కొట్టుకుంటుంది. రేడియేటరులో నీరు తగ్గినా వేడెక్కుతుంది. ఖర్చులేని ఈ మూడు విషయాలను ముందు సరిచేయించండి. చప్పుడు పోతే హెడ్డు జోలికి పోనవసరం లేదు.

పోకపోతే నాలుగు ప్లగ్గులను విప్పి, ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టి వరుసగా ఉంచండి. లేత గోధుమరంగు ఉంటే మంట బాగున్నట్లు. చేతికి అంటే పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువైనందుకు గుర్తు. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు వస్తున్నట్లు.

పొగను కూడా గమనించండి. నల్లపొగ పెట్రోలు ఎక్కువని చెబుతుంది. నీలిపొగ ఆయిలుది. ఉదయం స్టార్టు చేసిన వెంటనే ఒకసారి గుప్పున నీలిపొగ వచ్చి తగ్గిపోతే వాల్వు గైడ్లను, సీళ్లను అనుమానించాలి. బరువు లాగేటప్పుడల్లా వస్తూ ఉంటే రింగులను అనుమానించాలి.

తరువాత కంప్రెషన్ పరీక్ష. ఇంజను వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులు తీసి, కాయిలు వైరు విడదీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఒక్కొక్క సిలిండరుకు గేజి పెట్టి స్టార్టరు తిప్పాలి. వచ్చిన అంకెలను కాగితంమీద వ్రాసుకోవాలి. ఉదాహరణకు 120, 118, 95, 121 వచ్చినవనుకోండి. మూడవ సిలిండరులో లోపం ఉన్నది. ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వుగాని, గ్యాస్కెట్టుగాని లీకవుతున్నట్లు. నాలుగు సిలిండర్లలోనూ పుస్తకంలో ఉన్నదానికంటె ఎక్కువ అంకె వస్తే మసి మందంగా కట్టినదని అనుమానించాలి.

ఈ కాగితం యజమాని చేతిలో ఉంటే షెడ్డులో బేరం వేరుగా ఉంటుంది. రింగులు అరిగిన ఇంజనుకు హెడ్డు మాత్రమే విప్పి మసి తీసినందువల్ల ఆయిలు తాగడం ఆగదు. ఒక్కొక్కసారి పెరుగుతుంది కూడా. వాల్వులు బిగువుగా మూసుకోవడంతో ఒత్తిడి పెరిగి, కింది భాగం అరుగుదల బయటపడుతుంది. ఈ సంగతి ముందే తెలుసుకొని పనికి దిగాలి.

హెడ్డు విప్పకుండా చేసే పద్ధతులు

మసి పలుచగా ఉంటే సులువైన ఉపాయం ఒకటి ఉన్నది. చోకు, ఫిల్టరు, ప్లగ్గులు, టైమింగు సరిచేసిన తరువాత వారానికి ఒకసారి అయినా అరగంటకు తక్కువ కాకుండా, ఇంజను పూర్తిగా వేడెక్కిన స్థితిలో పెద్ద రోడ్డుమీద ఒకే వేగాన నడపాలి. మెత్తటి మసి చాలావరకు కాలిపోతుంది. కూలింగు, బ్రేకులు, టైర్లు మంచి స్థితిలో ఉన్న కారుకు మాత్రమే ఇది పనికివస్తుంది.

పెట్రోలులో కలిపే మందులు కార్బురేటరును, ఇన్‌లెట్ వాల్వులను కొంత శుభ్రపరుస్తాయి. పిస్టనుమీద పెచ్చుకట్టిన పాత మసిని అవి పూర్తిగా తీయలేవు. ప్లగ్గు రంధ్రాలలో ద్రవం పోసి రాత్రంతా నానబెట్టే పద్ధతి ఒకటి ఉన్నది. ఇరుక్కున్న రింగులు దీనితో కొన్నిసార్లు వదులవుతాయి. అయితే మిగిలిన ద్రవాన్ని తీయకుండా, ప్లగ్గులు బిగించి స్టార్టు చేయరాదు. ద్రవం నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గులు తీసి ఉంచి, రంధ్రాలపై గుడ్డ కప్పి ముందు స్టార్టరుతో తిప్పాలి. ఆ ద్రవం కిందికి దిగి ఆయిలులో కలుస్తుంది కాబట్టి ఆయిలు, ఫిల్టరు వెంటనే మార్చాలి.

నడుస్తున్న ఇంజను కార్బురేటరులో నీళ్లు పోసే పద్ధతిని కొందరు చెబుతారు. ఆవిరికి మసి ఊడుతుందన్న మాట నిజమే. కాని నీళ్లు ఒక్కసారిగా ఎక్కువైతే పైన చెప్పిన ప్రమాదమే వస్తుంది. పెద్ద పెచ్చులు ఊడి వాల్వు కింద ఇరుక్కుంటే మరొక తంటా. పాత ఇంజనుమీద ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది. ఈ మధ్య పట్టణాలలో యంత్రంతో హైడ్రోజన్ వాయువు పంపి మసి తీస్తామంటున్నారు. చేయించదలచిన వారు ముందు, తరువాత కంప్రెషన్ అంకెలు వ్రాయించుకొని పోల్చి చూసుకోవాలి. అరిగిన రింగును ఏ వాయువూ, ఏ మందూ బాగుచేయలేదు.

హెడ్డు దింపి శుభ్రం చేసే పద్ధతి

మందంగా కట్టిన మసికి తిరుగులేని పద్ధతి ఇదే. పని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించండి. పక్కన నిలబడి ఈ కింది వరుస తప్పకుండా చూసుకోండి.

1. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ విప్పాలి. రేడియేటరు, ఇంజను బ్లాకులోని నీటిని ఒక పాత్రలోకి దింపాలి.

2. కార్బురేటరు, మానిఫోల్డు, రాకరు కవరు తీయాలి. ఈ ఇంజనులో ఒక విశేషం ఉన్నది. హెడ్డును పట్టి ఉంచే 11 నట్లలో 4 నట్లు రాకరు షాఫ్టు దిమ్మలను కూడా పట్టి ఉంచుతాయి. కావున రాకరు నట్లు మాత్రమే ముందుగా విప్పితే హెడ్డు వంకరపోయే ప్రమాదం ఉన్నది. అన్ని నట్లనూ కొంచెం కొంచెంగా, వరుస ప్రకారం కలిపి వదులు చేయాలి.

3. పుష్ రాడ్లు ఎనిమిదింటిని తీసి, ఒక అట్టకు ఎనిమిది రంధ్రాలు చేసి, అంకెలు వేసి వరుసగా గుచ్చి పెట్టాలి. ఏది ఎక్కడిదో అక్కడికే తిరిగి వెళ్లాలి.

4. హెడ్డు అంటుకొని ఉంటే చుట్టూ చెక్కసుత్తితో మెల్లగా తట్టాలి. హెడ్డుకు, బ్లాకుకు మధ్య స్క్రూడ్రైవరు దోపి లేపరాదు. గీత పడితే అక్కడ లీకు తప్పదు.

5. ఒకటవ, నాలుగవ పిస్టన్లను పైకి తేవాలి. కిందికి దిగిన రెండు, మూడు బోర్లలోను, నీటి దారులలోను, ఆయిలు దారులలోను శుభ్రమైన గుడ్డలు కుక్కాలి. పైన ఉన్న పిస్టన్ల అంచు చుట్టూ బోరుకు మధ్య సందులో కొంచెం గ్రీజు రాయాలి. రాలిన మసి ఆ గ్రీజుకు అంటుకొని కిందికి పోకుండా ఆగుతుంది.

6. పిస్టను అల్యూమినియంతో చేసినది, మెత్తనిది. దానిని ఉలితో, ఉక్కు బ్లేడుతో గీకరాదు. గట్టి కర్ర ముక్క, వెదురు బద్ద లేదా ఇత్తడి పలక వాడాలి. కిరోసిన్‌గాని డీజిలుగాని అద్దిన గుడ్డ వేసి నానబెడితే మసి సులువుగా వస్తుంది. ఎమిరీ కాగితం వాడవద్దు. దాని రాతిపొడి రింగుల సందున చేరి బోరును అరగదీస్తుంది.

7. పాత ఇంజనుకు ఇది ముఖ్యం. పిస్టను నెత్తి అంచు చుట్టూ సుమారు 3 మి.మీ. వెడల్పున మసి వలయాన్ని తీయకుండా వదలాలి. బోరు పై అంచున ఉన్న మసిని కూడా ముట్టరాదు. అరిగిన ఇంజనులో ఆయిలు పైకి రాకుండా ఆ వలయం కొంత అడ్డుపడుతుంది. దానిని కూడా తళతళలాడేటట్లు గీకితే మరునాటి నుంచి నీలిపొగ మొదలవుతుంది. పాత పిస్టను రింగు ఒకటి బోరులో పిస్టనుపై పెట్టి గీకితే అంచు దానంతట అదే మిగులుతుంది. ‘మొత్తం అద్దంలా మెరవాలి’ అని మెకానిక్కును తొందరపెట్టకండి.

8. గీకినది తుడిచి, పిస్టన్లను దింపి, బోరుకు అంటిన గ్రీజును మసితో సహా తుడిచివేయాలి. తరువాత రెండు, మూడు పిస్టన్లకు అదే పని చేయాలి.

9. హెడ్డు వైపు వాల్వులు బిగించి ఉండగానే మంట మండే గుంటలను శుభ్రం చేయాలి. అప్పుడు వాల్వు సీట్లకు దెబ్బ తగలదు. ఆ తరువాత వాల్వులు తీసి, అంకెలు వేసి, ఎగ్జాస్టు దారులను శుభ్రం చేయాలి. ఈ హెడ్డు పోత ఇనుముది కాబట్టి వైరు బ్రష్షు వాడవచ్చు. గ్యాస్కెట్టు కూర్చునే ముఖం మీద, సీట్ల మీద వాడరాదు. ఇనుప హెడ్డును కాస్టిక్ సోడా తొట్టిలో ఉడికించే షెడ్లు ఉన్నాయి. అల్యూమినియం భాగాలను అందులో వేస్తే తినేస్తుంది. అల్యూమినియం పాలడబ్బాను కాస్టిక్ సోడాతో కడగవద్దని చెప్పేది ఇందుకే. ప్రీమియర్ పద్మిని కారు హెడ్డు అల్యూమినియందే. ఆ కారు యజమానులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

10. వాల్వులకు గ్రైండింగ్ పేస్టు రాసి సీట్లలో నూరాలి. వాల్వు చుట్టూ తెగిపోని బూడిదరంగు గీత వస్తే చాలు. పేస్టు రవ్వంతైనా మిగలకుండా కడగాలి. వాల్వులు బిగించి, గుంటలలో కిరోసిన్ పోసి కొంతసేపు చూడాలి. కిందికి కారకపోతే బాగున్నట్లు. రబ్బరు సీళ్లను కొత్తవి వేయాలి. గైడులో వాల్వు అటూ ఇటూ ఊగితే గైడు మార్పించాలి.

మరొక సంగతి. మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మడం 2000 ఫిబ్రవరి 1న మొదలయింది. సీసం ఉన్న కాలంలో తయారైన ఇనుప హెడ్లలో ఆ సీసమే ఎగ్జాస్టు సీట్లకు కొంత రక్షణగా ఉండేది. ఇప్పుడు ఆ రక్షణ లేదు. సీట్లు లోపలికి దిగిపోయి ఉంటే, హెడ్డు ఎలాగూ దింపారు కాబట్టి, గట్టి ఉక్కు సీట్లు వేయించడం మేలు. పెట్రోలు గొట్టాలను కూడా చూడండి. నేటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు దానికి తట్టుకోక పగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్నది.

మసిని, పాత ఆయిలును ఎక్కడ వేయాలి?

ఈ విభాగాన్ని పాడి రైతులు ప్రత్యేకంగా చదవాలి. 2000 సంవత్సరానికి ముందు నుంచి విప్పని ఇంజనులోని మసిలో సీసం ఉంటుంది. సీసం మనుషులకూ, పశువులకూ విషం. గీకేటప్పుడు పొడిగా ఎగరనివ్వక తడిపి గీకాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పాత హెడ్డు గ్యాస్కెట్టులో రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దానిని కూడా తడిపి తీయాలి. గాలిగొట్టంతో ఊదరాదు.

తీసిన మసిని పెంటకుప్పలోగాని, గడ్డి మొలిచే చోటగాని వేయరాదు. పారవేసిన బ్యాటరీ పలకలను, పాత ఇంజను ఆయిలును నాకి పశువులు సీసం విషంతో చనిపోవడం పశువైద్యులకు తెలిసిన విషయమే. దూడలు మరీ త్వరగా బలి అవుతాయి. కళ్లు కనిపించనట్లు తిరగడం, పళ్లు కొరకడం, వణుకు, మూర్ఛ కనిపిస్తే వెంటనే పశువైద్యుని పిలిచి, షెడ్డు పని జరిగిన సంగతి కూడా చెప్పాలి. రేడియేటరులో కూలెంటు మందు కలిపి ఉంటే ఆ నీరు తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు తాగితే ప్రాణాపాయం. ఆ నీటిని కుడితి తొట్టి దరిదాపులకు రానీయకండి. పాత ఆయిలును మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిలు కొనే అధీకృత వ్యాపారికి చేర్చండి. ఆ డబ్బాను మళ్లీ దాణాకుగాని, పాలకుగాని వాడరాదు.

తిరిగి బిగించుట

గుడ్డలన్నీ లెక్కపెట్టి తీయాలి. హెడ్డు ముఖంమీద చదునైన ఉక్కు పట్టీ పెట్టి, ఫీలర్ గేజితో వంకర ఉన్నదేమో చూడాలి. గ్యాస్కెట్టు కొత్తదే వేయాలి. ముందు వైపు, పై వైపు గుర్తులు దానిమీద ఉంటాయి. నట్లను మధ్య నుంచి అంచులకు, మూడు నాలుగు విడతలుగా, టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పినంత బిగించాలి. చేతి అంచనా పనికిరాదు.

ట్యాపెట్ల సందు సరిచేయడానికి ‘తొమ్మిది లెక్క’ గుర్తుంచుకుంటే చాలు. ఒక చివర నుంచి వాల్వులకు 1 నుంచి 8 వరకు అంకెలు వేసుకోండి. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దానిని సరిచేయాలి. 6వది తెరుచుకుంటే 3వది. 5వది తెరుచుకుంటే 4వది. రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ 9 రావాలి. ఎంత సందు ఉంచాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

కొత్త ఆయిలు, ఫిల్టరు వేసి ఇంజనును వేడెక్కే వరకు నడపాలి. కొద్ది రోజులు తిరిగిన తరువాత నట్ల బిగువును, ట్యాపెట్ల సందును మరొకసారి చూపించాలి. టైమింగు, కార్బురేటరు సరిచేయడం, కంప్రెషన్ అంకెలు మళ్లీ వ్రాసుకోవడం అయితేనే పని ముగిసినట్లు. పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి చూసుకొని డబ్బు చెల్లించండి.

మళ్లీ పట్టకుండా

ఇంజను కదలగానే చోకును క్రమంగా వెనక్కు తోయాలి. దుమ్ము రోడ్లమీద తిరిగే కారు ఎయిర్ ఫిల్టరును తరచు శుభ్రం చేయాలి. థర్మోస్టాట్ తీసివేసి ఉంటే కొత్తది వేయించాలి. ఎండాకాలం వేడెక్కడానికి అసలు కారణం పూడిన రేడియేటరు కావచ్చు. దానిని శుభ్రం చేయించాలి. సంఘం ముందు డబ్బాలు దింపేటంతసేపు ఇంజను ఊరకే నడవనీయరాదు. ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోశారో ఒక పుస్తకంలో వ్రాయాలి. పాలు, ఫ్యాట్ లెక్క వ్రాసే మనకు ఇది కొత్త అలవాటు కాదు. ఆ లెక్క పెరుగుతూ వస్తే మసి మళ్లీ కడుతున్నదని, కారణం రింగులలోనో సీళ్లలోనో ఉన్నదని ముందే తెలుస్తుంది.

మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఎత్తులో గలగల వినిపించిన వెంటనే హెడ్డు దింపించాలా?
అక్కరలేదు. ముందు టైమింగు, ఐడ్లింగు, నీరు, ప్లగ్గులు చూడాలి. ఆ తరువాత కంప్రెషన్ పరీక్ష.

2. పాత పిస్టను నెత్తిని అంచు వరకు గీకవచ్చునా?
గీకరాదు. చుట్టూ సన్నని మసి వలయం వదలాలి.

3. మూడవ సిలిండరులో ఆయిలు పోస్తే అంకె బాగా పెరిగింది. డీకార్బన్ చేస్తే సరిపోతుందా?
సరిపోదు. రింగులు, బోరు చూపించాలి.

4. తీసిన మసి, పాత ఆయిలు ఎక్కడ వేయాలి?
పశువుకు, పిల్లలకు అందని చోట మూత పెట్టి ఉంచి, ఆయిలును అధీకృత వ్యాపారికి చేర్చాలి. మసిని సంచిలో మూటకట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకొనే వారికి అప్పగించాలి.

ఈ నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా సమాధానం చెప్పగల సభ్యుడు షెడ్డుకు వెళ్లినప్పుడు, అవసరం లేని పని ఎవరూ అంటగట్టలేరు. అవసరమైన పనిని సగంలో వదిలిపెట్టనూ లేరు.